మిషన్ స్కూలా, మునిసిపల్ స్కూలా?

మా అమ్మాయి ఐదో తరగతి పూర్తి చేసినప్పుడు, ఆరో తరగతికి మిషన్ స్కూలులో చేర్పించాలా, వీధి చివరనున్న మునిసిపల్ హైస్కూలుకు పంపాలా అన్న చర్చ మా ఇంట్లో దాదాపు నెల రోజులు నడిచింది. 1842లో అమెరికా నుంచి మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చినప్పటి నుంచి లూథరన్ అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ మిషన్ వేళ్లూనుకున్న గుంటూరు మాది. మా అత్తగారు మిషన్ బడిలోనే అక్షరాలు దిద్దుకున్నారు కనుక ఆమె దృష్టిలో ఇందులో ఆలోచించవలసిందే లేదు.

నేను మాత్రం రాజ్యాంగం 28వ అధికరణం దగ్గర ఆగాను. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందిన బడుల్లో, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధకు గాని ప్రార్థనకు గాని హాజరు కావాలని నిర్బంధించకూడదు. అందుకేనేమో, మేము చూడబోయిన మిషన్ స్కూలులో మన క్రైస్తవ పిల్లలు బైబిలు పట్టుకుని ఒక గదిలోకి, మిగిలినవారు నీతిబోధకని మరో గదిలోకి వెళ్తున్నారు. ఒకే బెంచీ మీద కూర్చునే స్నేహితులు ఆ గంట విడిపోవడం నాకెందుకో నచ్చలేదు. ఫీజు సంగతి సరేసరి.

బైబిలులోని ఇరవై మూడో కీర్తన మా అమ్మాయికి వచ్చింది బడిలో కాదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో, నాయనమ్మ ఒడిలో నిద్రకు తూగుతూ నేర్చుకుంది. చర్చిలో సండే స్కూలు, వేసవిలో వీబీఎస్ అనే సెలవుల బైబిలు బడి ఉండనే ఉన్నాయి. చివరికి మునిసిపల్ స్కూలులోనే చేర్పించాము. మొదటి రోజు మధ్యాహ్న భోజనంలో, పళ్లెంలో గుడ్డు పెట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థించిందట, పక్కనున్న పిల్ల అది అయ్యేదాకా ఆగి, "ఏం చెప్పుకున్నావు?" అని అడిగిందట. అత్తగారు మాత్రం ఇంకా పూర్తిగా సమాధానపడలేదు.