జంగాలపల్లి దారిలో నాలుగున్నర కల్లు

రామప్ప గురించి అందరూ రాసిందే, నేను కొత్తగా చెప్పేదేం లేదు. తిరుగు దారిలో షేర్ ఆటో తొమ్మిది మంది నిండందే కదల్లేదు, పైగా అడిగిన పైసలు వింటే నడిచిపోవడమే నయమనిపించింది, అయినా ఎక్కాను. సగం దారిలో కల్లు మండువ కనపడగానే దిగేశాను.

శివరాత్రి పోయి వారమైంది. సాయంత్రం నాలుగున్నర. గౌడన్న అప్పుడే మోకు విప్పుతున్నాడు. "అన్నా, కలపకముందే ఒక్క చెట్టుది పొయ్యి" అని అడగాలి. అన్ని లొట్లూ (చెట్టుకు కట్టే కల్లు కుండలు) ఒక్కదాంట్లో వంచాక చెట్టు తేడా తెలియదు.

తాటాకు రేకలోకి వంచుతుంటేనే సగం తెలుస్తుంది. సన్న నురగ అంచున నిలవాలి, అడుగు నుంచి బుడగలు వస్తూనే ఉండాలి. రంగు బియ్యం కడిగిన నీళ్ళు. ఆ మసక ఈస్టుదీ బ్యాక్టీరియాదీ. ముక్కుకు ముందు ముంజ, తర్వాత మాగిన అరటి, వెనక కాస్త పులిసిన పిండి వాసన తగలాలి. ముక్కు చురుక్కుమంటే వెనిగర్ వైపు మళ్ళినట్టే. నాలుక మీద తీపి, పక్కల పులుపు, మింగాక గొంతులో పొడిగా వగరు. తీపి అక్కడే అంటుకుని వదలకపోతే సాక్రిన్‌ని అనుమానించాలి. కూడలిలో కొన్న సీసా కల్లు అచ్చం అలాగే ఉంది, ఒక్క బుడగ లేదు. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపితే మాత్రం నాలుకను నమ్ముకోలేం. అందుకే దింపుతుంటే చూసి తాగాలి.

తెల్ల వైనుకు ఏ ఏటి ద్రాక్షో చూస్తారు, దీనికి ఏ గంటకు దింపారో చూడాలి. గెల నుంచి కారేది సుమారు 10-12 శాతం చక్కెర ఉన్న నీరే. లొట్టికి అంటుకున్న పాత ఈస్టు వల్ల కారుతుండగానే పులియడం మొదలై, కొన్ని గంటల్లో ఆల్కహాల్ 4-5 శాతానికి చేరుతుంది. లోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. గెలను రోజూ పలుచగా చెక్కకపోతే కోత మూసుకుపోయి ధార ఆగుతుంది. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది.

ఇంటికి తేవాలంటే సీసా ముప్పావు వంతే నింపి మూత వదులుగా పెట్టాలి, లేకపోతే గ్యాసుకు పొంగుతుంది. నాది వదులుగానే ఉంది, అయినా ఆత్మకూరు దాటేసరికి బస్సంతా వాసన. పక్క సీటు అవ్వ సంచీ వైపు చూసింది.

"ఎన్నింటిది బిడ్డా?"

"నాలుగున్నరది, అవ్వా."

"అయితే ఇంటికి పొయ్యేదాన్క తీపి మిగలది."