ఇంట్లో ఒకరు పోయాక మళ్లీ పుస్తకం తెరిచేవాళ్లకి

ఇంట్లో మనిషి పోయాక, లేదా ఉద్యోగమో కాపురమో చెదిరిపోయాక, కొన్ని నెలలకి మళ్లీ పోటీ పరీక్షల ప్రిపరేషన్ మొదలుపెట్టేవాళ్లు చాలాసార్లు మొదటి రోజే ఒక తప్పు చేస్తారు. పాత టైమ్‌టేబుల్ బయటకి తీస్తారు. అందులో రోజుకి 10 గంటలని ఉంటుంది. కూర్చుంటే 2 గంటలు కూడా సాగదు. మిగిలిన 8 రేపటి ఖాతాలో పడతాయి. వారం తిరిగేసరికి 50 గంటలకి పైగా బాకీ. అక్కడ పుస్తకం మూసేసి "ఇక నా వల్ల కాదు" అనుకుంటారు. ఆ టైమ్‌టేబుల్ రాసుకున్న రోజున మీ ఇల్లు వేరు, మీ నిద్ర వేరు. అది మీకు పనికిరాదు, చింపెయ్యండి.

ఒకే పేరా నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కకపోతే తెలివి తగ్గిందని భయపడకండి. చదివేటప్పుడు మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేవి కొద్ది విషయాలే. అందులో సగం చోటు ఆసుపత్రి రాత్రులూ, చేయాల్సిన సంతకాలూ, చెప్పకుండా మిగిలిపోయిన మాటలూ ఆక్రమించి ఉంటాయి. దానికి తోడు నిద్ర చెడితే పగలు చదివింది నిలవదు. మొదటి నెలలో నిద్ర కోసి చదివే గంట లెక్కలో లాభంలా కనపడుతుంది గానీ నిజానికి నష్టమే.

ఈ దశలో మీకు అన్నిటికంటే అవసరమైన సంగతి ఒకటుంది. మరిచిపోయిన పాఠం మొత్తంగా చెరిగిపోయినట్టు కాదు. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో అర్థంలేని అక్షరాల వరుసలు కంఠతా పట్టి, కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ నేర్చుకున్నాడు. 31 రోజుల తర్వాత కూడా రెండోసారి నేర్చుకోవడానికి శ్రమ దాదాపు ఐదో వంతు తగ్గింది. అర్థంలేని అక్షరాలకే అలా ఉంటే, మీరు అర్థం చేసుకుని, నోట్స్ రాసుకుని, రెండు రివిజన్లు చేసిన సబ్జెక్టు గురించి ధైర్యంగా ఉండొచ్చు. మీరు మొదలుపెడుతున్నది సున్నా దగ్గర కాదు.

నమ్మకం కుదరకపోతే ఇలా చూసుకోండి. ఇదివరకు బాగా వచ్చిన ఒక చాప్టర్ తీసుకుని, పుస్తకం తెరవకుండా 20 బిట్స్ చేయండి. ప్రతి బిట్ పక్కనా ఒక గుర్తు పెట్టండి: తెలిసి పెట్టింది, అనుమానంతో పెట్టింది, అసలు తట్టనిది. మార్కులు దారుణంగానే వస్తాయి, రానివ్వండి. తర్వాత 25 నిమిషాలు షార్ట్ నోట్స్ మాత్రమే చదవండి. మర్నాడు అదే చాప్టర్ నుంచి వేరే 20 బిట్స్ చేయండి. మొదటి రోజు మార్కుకీ రెండో రోజు మార్కుకీ ఉన్న తేడానే మీరు చూడాల్సిన అంకె. గంటలు రాసే డైరీ పక్కన పెట్టి నెల రోజులు ఈ తేడానే రాయండి. తేడా రాకపోతే రెండు కారణాలుండొచ్చు: ఆ రాత్రి నిద్ర లేకపోవడం, లేదా ఆ చాప్టర్ అప్పట్లో కూడా పైపైన చదివి వదిలెయ్యడం.

రోజుకి ఎంత చదవాలి? మొదటి వారం 25 నిమిషాల చొప్పున రెండు సిట్టింగులు, రోజూ ఒకే వేళకి. ఒకటి లెక్కలు గానీ రీజనింగ్ గానీ, చేత్తో చేసేది. రెండోది ఇంతకుముందు వచ్చిన చాప్టర్. కొత్త పుస్తకం వద్దు. చదవడం కంటే చేయడం ముందెందుకంటే, పేజీ మీద కళ్లు నడుస్తూనే మనసు ఎటో వెళ్లిపోతుంది. లెక్క సగంలో ఆగితే మాత్రం ఆ సంగతి కాగితం మీద వెంటనే తెలుస్తుంది. రెండో వారం మూడు సిట్టింగులు, మూడో వారం నుంచి ఒక్కోటి 40 నిమిషాలు. ఏ వారమైనా నిద్ర బాగా తగ్గితే ఆ వారం పెంచకండి. నిన్న తప్పిన సిట్టింగుని ఈ రోజుకి కలపకండి, తప్పింది తప్పినట్టే.

మధ్యలో ఏడుపు వస్తుంది. పుస్తకంలో పోయినవాళ్ల చేతిరాత కనపడొచ్చు, పక్క గదిలో వాళ్లలాంటి దగ్గు వినపడొచ్చు. దీనికోసమే బల్ల మీద ఒక చీటీ ఉంచుకోండి. లేచేముందు ఒక్క లైను రాయండి: "84వ పేజీ, రెండో లెక్క, నిష్పత్తి కట్టాను, భాగించాలి." అంతే, లేచి వెళ్లండి. పది నిమిషాలైనా గంటైనా పర్వాలేదు. తిరిగొచ్చాక "ఎక్కడున్నాను" అని వెతుక్కోవడంలోనే చాలా సిట్టింగులు చచ్చిపోతాయి. ఆ లైను ఉంటే చెయ్యి దానంతటదే భాగహారం మొదలుపెడుతుంది.

బాధ పూర్తిగా తగ్గాకే చదువుతామని ఆగేవాళ్లుంటారు. దుఃఖానికి ఐదు దశలుంటాయనీ, చివరిది వచ్చాక అంతా సర్దుకుంటుందనీ ఎక్కడో విని ఉంటారు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశల గురించి రాసింది చావుకి దగ్గరైన రోగులని చూసి. మిగిలినవాళ్లు వరసగా ఎక్కాల్సిన మెట్లు కావవి. 1999లో దుఃఖం మీద పరిశోధన చేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ చెప్పిన మాట ప్రిపరేషన్‌కి ఎక్కువ ఉపయోగం: మనిషి, తనని విడిచి పోయినవాళ్ల వైపూ, ముందున్న పనుల వైపూ మాటిమాటికీ అటూ ఇటూ వెళ్లొస్తూనే కోలుకుంటాడు. ఉదయం ఫోటో ముందు కూర్చుని ఏడ్చి, మధ్యాహ్నం మ్యాప్ పాయింటింగ్ చేస్తే అందులో ద్రోహం ఏమీ లేదు. కోలుకోవడం అలాగే జరుగుతుంది.

"వాళ్ల కోరిక కోసం ఉద్యోగం కొట్టి తీరాలి" అనే మాట గోడ మీద రాసుకోవద్దని గట్టిగా చెప్తాం. మొదటి వారాల్లో అది ఊపునిస్తుంది. ఆ తర్వాత ప్రతి తక్కువ మార్కూ వాళ్లకి చేసిన అన్యాయంలా అనిపిస్తుంది, మాక్ టెస్ట్ అంటేనే వణుకు పుడుతుంది. పరీక్ష మీది. ప్రేమని మార్కులతో ముడిపెట్టకండి.

నాలుగో వారం తర్వాత ఒక మాక్ రాయండి, సగం పేపరే. ర్యాంకు చూడొద్దు. తప్పుల్ని మాత్రం నాలుగు గళ్లలో వేయండి: తెలియనివి, మరిచినవి, ప్రశ్న తప్పుగా చదివినవి, టైమ్ చాలనివి. "కానిది ఏది" అన్న చోట "అయినది ఏది" అని చదివి పోగొట్టుకున్న మార్కులు ఈ కాలంలో ఎక్కువగా కనపడొచ్చు. అవి సిలబస్ లోపాలు కావు, అలసట లోపాలు. ఇది విడదీసి చూడకపోతే ఏమీ రాదనుకుని కొత్త మెటీరియల్ కొనేస్తారు, రివిజన్ పోతుంది. కరెంట్ అఫైర్స్‌లో పోయిన నెలల్ని మొదటి నుంచి మొదలుపెట్టకండి. ఈ నెల నుంచి వెనక్కి, నెలకొక సంకలనం చొప్పున వెళ్లండి.

కాపురం విడిపోయినవాళ్లకీ, ఇంటి భారం ఒక్కసారిగా మీద పడినవాళ్లకీ చిక్కు వేరు. వాళ్లకి బాధతోపాటు గంటలే శాశ్వతంగా తగ్గుతాయి. రోజుకి 3 గంటలే మిగిలితే సిలబస్ కోత తప్పదు. గత 5 పేపర్లు పక్కపక్కన పెట్టి, ప్రతిసారీ మార్కులు వచ్చిన చాప్టర్లు ముందు తీసుకోండి. ఒక్కసారి కూడా అడగనివి చివరికి వదలండి. ఈ అటెంప్ట్ రాయాలా వద్దా అనే నిర్ణయం మాత్రం మొదటి వారాల్లో తీసుకోకండి. అప్లికేషన్, ఫీజు, హాల్‌టికెట్ తేదీలు చూసే పని నమ్మకమైన ఒకరికి అప్పగించండి. గడువు దాటితే నిర్ణయించడానికి ఏమీ మిగలదు.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బతకాలని లేదనిపిస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పండి, ఆ రోజే వెళ్లండి. తీవ్రమైన దుఃఖం 6 నెలలు దాటినా రోజు గడవనివ్వకపోతే దాన్ని వైద్యం అవసరమైన స్థితిగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ ఐసీడీ-11 గుర్తించింది. చికిత్స ఉంది.

క్యాలెండర్‌లో వాళ్ల పుట్టినరోజు, పోయిన తేదీ ముందే గుర్తుపెట్టి, ఆ రోజూ మర్నాడూ మాక్ పెట్టకండి, షార్ట్ నోట్స్ మాత్రం ఉంచండి. రిజల్ట్ రోజుని కూడా ఈ జాబితాలో చేర్చండి. నంబర్ కనపడగానే వేళ్లు అలవాటుగా వాళ్ల పేరు కోసమే ఫోన్‌లో వెతుకుతాయి. ఆ క్షణంలో ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే అనుకుని, వాళ్లకి చెప్పి ఉంచండి: "వచ్చినా రాకపోయినా ముందు నీకే చేస్తాను, ఎత్తు."