పొగగొట్టంలో పింగాణీ

డీజిల్ పొగలోని నత్రజని ఆక్సైడ్లను కొలిచే సెన్సార్ల తయారీలో పనిచేస్తున్నానని చెప్పగానే, విజయనగరంలోని మా బంధువులకు పెట్రోలు బంకు పక్కన వ్యానులో పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే యంత్రం గుర్తుకు వస్తుంది. ఆ యంత్రం డీజిల్ పొగ కాంతిని ఎంత అడ్డుకుంటుందో మాత్రమే చూస్తుంది. ఇంజన్‌లో ప్రధానంగా పుట్టే నైట్రిక్ ఆక్సైడ్‌కు రంగు లేదు కాబట్టి, అది ఆ పరీక్షకు చిక్కదు.

మా సెన్సార్ సైతం నత్రజని ఆక్సైడ్లను నేరుగా కొలవదు; అది లెక్కించేది ఆక్సిజన్‌ను. ఎర్రగా కాలే వేడిలో జిర్కోనియా పింగాణీ తనగుండా ఆక్సిజన్ అయాన్లను పోనిస్తుంది. పలుచని పింగాణీ పట్టీలో రెండు చిన్న గదులుంటాయి. మొదటి గదిలో, పొగలో అప్పటికే ఉన్న ఆక్సిజన్‌ను దాదాపుగా తోడిపారేస్తాము. రెండో గదిలో నైట్రిక్ ఆక్సైడ్‌ను విడగొట్టి, అప్పుడు వెలువడే ఆక్సిజన్ వల్ల పుట్టే విద్యుత్తును కొలుస్తాము. పొగలో ఆక్సిజన్ 10 శాతం, అంటే పది లక్షల వంతుల్లో లక్ష వంతులు ఉందనుకుందాం. నైట్రిక్ ఆక్సైడ్ 100 వంతులుంటే, దాని నుంచి వచ్చే ఆక్సిజన్ 50 వంతులే. మొదటి గదిలో తోడటం కాస్త తగ్గినా లెక్క మొత్తం తప్పుతుంది. అక్కడే నైట్రిక్ ఆక్సైడ్ విడిపోకుండా ప్లాటినం ఎలక్ట్రోడ్‌లో బంగారం కలుపుతారు.

ఇంతా చేసి, మమ్మల్ని ఓడించింది నీటి చుక్క. నిన్నమొన్నటి దాకా విజయనగరం జిల్లాలో ఉండి 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకు మారిన సాలూరు, లారీల ఊరు. అక్కడి నుంచి ఒడిశా వైపు ఘాట్ ఎక్కే ఒక లారీకి మా నమూనాను బిగించి, ఒక వానాకాలపు తెల్లవారుజామున ఇంజన్‌తోపాటే పట్టీని వేడిచేసే హీటర్‌నూ వేశాము. చల్లని గొట్టంలో పేరుకున్న తేమ, దాదాపు 800 డిగ్రీల వేడిలో ఉన్న పట్టీ మీద పడింది. విప్పి చూస్తే వెంట్రుకంత పగులు. డ్రైవరు దానిని అరచేతిలో పెట్టుకుని, "నీటిచుక్కకే పగిలిపోయేదాన్ని తెచ్చి సైలెన్సర్లో ఎట్టినారేటి బావూ!" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి పట్టీకి సూక్ష్మరంధ్రాల పూత వేస్తున్నాము. గొట్టంలో తేమ ఆరిందని నమ్మకం కుదిరాకే హీటర్‌ను పూర్తి వేడికి తెస్తున్నాము. నత్రజని ఆక్సైడ్లను తగ్గించడానికి పొగలోకి చిమ్మే యూరియా ద్రావణం ఎక్కువైతే, దాని నుంచి పుట్టి మిగిలిపోయిన అమ్మోనియాను కూడా సెన్సార్ నైట్రిక్ ఆక్సైడ్‌గానే చూపించడం మరో తలనొప్పి, కానీ దానిని లెక్కలతో కొంతవరకు సరిదిద్దవచ్చు. తేమ ఆరేదాకా ఆగడమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. ఆ అమ్మోనియాతో ఆక్సైడ్లను శుద్ధిచేసే కెటలిస్టు సుమారు 200 డిగ్రీలకు చేరేదాకా సరిగా పనిచేయదు కనుక, ఆక్సైడ్లు అడ్డూ అదుపూ లేకుండా బయటికి పోయేది ఆ మొదటి నిమిషాలలోనే. సరిగ్గా అప్పుడే మా సెన్సార్ కళ్లు మూసుకుని ఉంటుంది. ఆ నిరీక్షణను ఎంత కుదించినా పట్టీ పగలకుండా ఉంటుందో తేల్చడానికి, ఈ వానాకాలంలో మళ్లీ సాలూరు వెళుతున్నాను. లారీ అదే, డ్రైవరూ అతనే.