నాన్న కొలతల పుస్తకం

చివరి సెమిస్టరుకు 20 ఫోటోల ప్రాజెక్టు ఇచ్చారు. షరతు ఒక్కటే, విషయం మన సొంతదై ఉండాలి. నేను గొప్పగా ‘నిశ్శబ్దం’ అని రాసిచ్చాను. మూడు వారాలు ఖాళీ కుర్చీలు, మూసిన కిటికీలు తీశాను. మాస్టారు అన్నీ ఓపిగ్గా చూసి, “ఈ కుర్చీ ఎవరిదమ్మా?” అన్నారు. క్యాంటీనుది. నా నిశ్శబ్దం అక్కడితో సరి.

ఆ శనివారం తెనాలి వెళ్లాను. నాన్నది దర్జీ దుకాణం. మొదట కుట్టు మిషను మీద పడ్డాను. సూది స్పష్టంగా రావాలంటే షట్టరు 1/1000 సెకనుకు పెట్టాలి. పెడితే పాత ట్యూబులైటు ఊరుకోదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది, ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. 1/100కు దింపితే చారలు పోతాయి, సూది అలికినట్టవుతుంది. గంటసేపు ఆ తగవు తీర్చలేక కెమెరా కౌంటరు మీద పెట్టాను. దాని పక్కనే ఉంది కొలతల పుస్తకం.

పొడుగాటి ఖాతా పుస్తకం. ప్రతి పేరు కింద చాతీ, నడుము, భుజం, చెయ్యి. పక్కన గుండుసూదితో గుచ్చిన గుడ్డ ముక్క. ఒకాయన నడుము 2003లో 32. తరువాత 34, 36, 38. ఉన్నట్టుండి 2019లో 33.

“తప్పు రాశావా నాన్నా?”

“తప్పేమీ కాదు. ఆ ఏడు ఆయనకు షుగర్ బయటపడింది.”

నికోలస్ నిక్సన్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ 1975 నుంచి నలభై ఏళ్లకు పైగా తన భార్యనూ ఆమె ముగ్గురు చెల్లెళ్లనూ ఏటా అదే వరుసలో నిలబెట్టి తీశాడు. క్లాసులో ఆ ఫోటోలు చూసి అబ్బురపడిన నాకు, మా ఇంట్లో ఒక మనిషి అదే పని టేపుతో చేస్తున్నాడని తట్టనే లేదు.

పేజీలు తీయడానికి నాన్న ఒప్పుకున్నాడు కానీ, “పేర్లు కనపడకూడదు. జనం నడుములు ఊరంతా చాటే సంగతి కాదు” అన్నాడు. గుడ్డ ముక్కలనే పేర్ల మీదికి జరిపి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో తీశాను. పేరుకు బదులు గళ్ల చొక్కా ముక్క కనిపించడమే బాగుంది.

పుస్తకమంతా తిరగేసినా నాన్న పేజీ మాత్రం దొరకలేదు. కెమెరాను స్టాండుకు బిగించి, 10 సెకన్ల టైమరు పెట్టి, టేపు తీసుకుని ఆయన నడుము చుట్టూ వేశాను.

“రెండు వేళ్లు లోపల పెట్టి పట్టుకో, మనిషికి ఊపిరాడాలిగా” అంటూ నా చెయ్యి సరిచేయడానికి తల వంచాడు. అప్పుడే షట్టరు పడింది. ముఖం కనిపించదు, బట్టతల, నా వేళ్లు, టేపు మీద 36.

ఇంకా తొమ్మిది ఫోటోలు కావాలి.