పంటు కాస్తా పంటయిపోయింది

నా పేరు మొదటిసారి అచ్చులో చూసుకుంది 2005లోనండి, ఓ వారపత్రికలో. కోటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి దాటి ముక్తేశ్వరం వెళ్ళడం గురించి చిన్న వ్యాసం. అప్పటి పద్ధతి తెలిసిందేగా, అరఠావుకి ఒకవైపే రాయాలి, మార్జిన్ వదలాలి, ఇది నా సొంతం, ఇంకెవరికీ పంపలేదు అని హామీపత్రం రాసి సంతకం పెట్టాలి, వెనక్కి కావాలంటే మన అడ్రసు రాసి స్టాంపులంటించిన కవరు కూడా జతచెయ్యాలి. ఆరు అరఠావులు సాపు రాసేసరికి చెయ్యి పీకేసింది. పంపాక ఎనిమిది నెలలు, పోస్ట్‌మేన్ సైకిల్ బెల్లు వినిపిస్తే చాలు వీధరుగు మీదకొచ్చేసేవాణ్ణి.

పడింది. ఆరు అరఠావులు కాస్తా మూడయ్యాయి, నిజం చెప్పొద్దూ, వాళ్ళు కోసింది కొయ్యాల్సిందే. కానీ ప్రూఫులు చూసినాయనెవరో పంటు అనే మాట ఎప్పుడూ విన్నట్టు లేదు, తప్పనుకుని దిద్దేశాడు. "మోటార్ సైకిల్‌ని పంట మీదకెక్కించి గోదావరి దాటాం" అని వచ్చింది! ఇంకేముంది, ఊళ్ళో ఏడాది పాటు "ఏ పంటండీ, సార్వానా దాళ్వానా?" అని ఒకటే ఏడిపించడం. ఉత్తరం రాశా, సవరణ వెయ్యలేదు.

కొన్నేళ్ళకి ఆ కసితోనే బ్లాగు తెరిచా. ఆ వ్యాసం మొత్తం పెడదామని, డీటీపీ చేయించి ఉంచుకున్న ఫైలు తెచ్చి పేస్ట్ చేస్తే తెలుగు బదులు ఏవో ఇంగ్లీషు అక్షరాలూ కొక్కేలూ. ఫైలేమో డీటీపీ వాళ్ళు వాడే అను ఫాంట్లలో ఉంది, నెట్‌లో ఎక్కడైనా తెలుగులా కనపడాలంటే యూనికోడ్ కావాలట. సరే అని, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చేసిపెట్టే లేఖిని అనే సైటులో కూర్చుని, క్యాపిటల్ ఎన్ కొడితే ణ, క్యాపిటల్ ఎల్ కొడితే ళ అని గొణుక్కుంటూ రెండ్రాత్రులు మళ్ళీ టైపు చేశా. బటన్ నొక్కా, వచ్చేసింది, అంతే. హామీపత్రం లేదు, పోస్ట్‌మేనూ లేడు (మనియార్డరూ లేదనుకోండి).

మా ఆవిడ చదువుతూ చదువుతూ ఆగి "ఇంతకీ రేవు దగ్గరికి ఎప్పుడెళ్తారండీ?" అంది. చూస్తే నిజమే, తాతగారి ఊరు, కొబ్బరి దింపు, సోమేశ్వరస్వామి గుడి అన్నీ తిరిగొచ్చి ఎక్కడో చివర్లో పంటు ఎక్కుతున్నా. కొయ్యడానికి ఎవరూ లేకపోతే ఇంతే. పాత పత్రిక తీసి పక్కన పెట్టుకుని, వాళ్ళు కోసినచోటే నేనూ కోశా, కొంచెం సిగ్గేసింది.

ఇంకోటండి. కాకినాడ–కోటిపల్లి రైలు పట్టాలు యుద్ధం రోజుల్లో పీకేశారని రాస్తూ 1942 అని పెట్టా. రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఫోన్ చేసి, "1940 బాబూ, మళ్ళీ రైలొచ్చింది 2004లో" అన్నారు. ఫోన్ పెట్టేలోపు దిద్దేశా, ఎంత హాయో! మర్నాడు ఆయనే మళ్ళీ చేశారు, "నేను పట్టుకున్న తప్పు మావాళ్ళకి చూపిద్దామంటే అక్కడ లేదేంటయ్యా, నేనే పొరబడ్డానంటున్నారు" అని. ఏం చెప్పను? అప్పట్నుంచి ఏది మార్చినా అడుగున తేదీ వేసి రాస్తున్నా.

మొన్న అమ్మ ట్రంకుపెట్టెలో ఆ వారపత్రిక కటింగ్ దొరికింది. పసుపురంగు తిరిగిపోయింది. పంట అన్నచోట ట కి నీలం పెన్నుతో కొమ్ము పెట్టి ఉంది. నాకెప్పుడూ చెప్పలేదావిడ.