రెండో కుట్టు

అమ్మ చిక్కిపోతోందని ముందు కనిపెట్టింది మా టైలరమ్మ. "పక్క కుట్లు వేయమని ఇవే జాకెట్లు రెండోసారి తెచ్చారు, అమ్మగారికి ఒంట్లో బాలేదా?" అంది. సాయంత్రం మందుల షాపులో తూకం చూస్తే 49 కిలోలు. ఆర్నెల్ల కిందటి ఆస్పత్రి చీటీలో 56.

అల్జీమర్స్ అని తేలి అప్పటికి రెండేళ్లు. కంచం ముందు పెడితే "ఇందాకే తిన్నానే" అనేది. బతిమాలితే విసుక్కునేది. మంకుపట్టనుకుని కేకలేశాను కూడా. ఈ వయసులో అంతేలెండి అన్నారు చుట్టుపక్కలవాళ్లు.

డాక్టరుగారు ముందు నోరు తెరిపించి చూశారు. ఒళ్లు తగ్గేసరికి పళ్లసెట్టు వదులై, కింద చిగురు పుండు పడింది. నొప్పి అని చెప్పడం అమ్మకి తెలియలేదు. తర్వాత మందుల చీటీ చూశారు. ఈ జబ్బుకి ఇచ్చే డోనెపెజిల్ అనే మాత్ర 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెంచిన దగ్గర్నుంచే తిండి తగ్గింది. ఆ మాత్రకి వికారం, ఆకలి చావడం మామూలేనట. మళ్లీ 5కి దించారు. థైరాయిడ్, షుగరు పరీక్షలు బాగానే వచ్చాయి.

ఈ జబ్బులో వాసన ముందే పోతుందనీ అప్పుడే తెలిసింది. వీధి గుమ్మంలోంచే "పప్పు అడుగంటింది, చూడు" అనే మనిషి, మాడుతున్న మూకుడు పక్కనే నిలబడి కిటికీలోంచి చూస్తూ ఉండేది. ఇంగువ తాలింపుతో ఆకలి పుట్టించాలని నేను పడ్డ పాట్లు అందుకే దండగయ్యాయి.

అసలు సంగతి కార్తీక మాసంలో బయటపడింది. అరిటాకులో వడ్డిస్తే పెరుగన్నం మొత్తం తినేసింది. ఇంట్లో మాది తెల్ల కంచం. శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు బాగానే ఉంది. కానీ తెలుపు మీద తెలుపు ఆవిడకి విడిగా ఆనడం లేదు. ముందు అన్నం ఉన్నట్టే తెలియని మనిషిని తినలేదని తిట్టానా! మర్నాడే ముదురాకుపచ్చ కంచం కొన్నాను.

ఇప్పుడు ఒక్కో పదార్థమే వడ్డిస్తాను. నేనూ ఎదురుగా కూర్చుని కలుపుకుంటాను. మొదటి ముద్ద చేతిలో పెడితే చాలు, ఆ తర్వాత చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. పొద్దువాలితే కంగారు పడుతుంది కాబట్టి అసలు భోజనం మధ్యాహ్నమే. నెయ్యి కాస్త ఎక్కువ, నాలుగింటికి సున్నుండ. పప్పులోకి కూడా బెల్లం అడుగుతుంది, షుగరు లేదు కదా అని పెట్టేస్తున్నా. మా స్నేహితురాలి నాన్నగారిదీ ఇలాంటి మెదడు జబ్బే, కానీ ఫ్రంటోటెంపొరల్ అనే వేరే రకం. ఆయన స్వీట్ల కోసం అర్ధరాత్రి లేస్తారు, ఒళ్లు పెరిగిపోతోంది. వాళ్లు ఫ్రిజ్‌కి తాళం వేసుకుంటారు, నేను సున్నుండల డబ్బా అమ్మకి కనబడేలా పెడతాను.

జబ్బు తగ్గలేదు. మొన్న నన్ను "ఎవరమ్మా నువ్వు?" అని అడిగి మరీ రెండోసారి పెరుగన్నం వేయించుకుంది. తూకం 52కి వచ్చింది. జాకెట్లు బిగిశాయని తీసుకెళ్తే టైలరమ్మ రెండోసారి వేసిన కుట్టు విప్పేసింది. మొదటిది అలాగే ఉంది.