నోరు లేని సెంటర్: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో నా మొదటి సీజన్

మా సీజన్ పోయిన వారమే అయిపోయింది. కాన్ఫరెన్స్ (మా కాలేజీ ఆడే లీగు) టోర్నమెంట్ మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాం కాబట్టి మార్చి మ్యాడ్‌నెస్‌ని, అంటే దేశంలోని కాలేజీల ఆఖరి టోర్నమెంట్‌ని, మేమూ మీలాగే టీవీలో చూస్తున్నాం. మోకాళ్ళకి ఐస్ ప్యాకులు కట్టుకుని, మంచం మీద పడి ఇది రాస్తున్నాను. ఊరి నుంచి ఫోన్లు ఆగట్లేదు. "ఏరా, అంత పొడుగున్నావు, మ్యాచ్‌కి పది నిమిషాలైనా ఆడించరేంటి వాళ్ళు?" అని బాబాయి. "ఎన్‌బీఏలోకి ఎప్పుడెళ్తావు?" అని ఎదురింటి మావయ్య. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు. పొడుగు పిల్లల్ని ఇక్కడికి పంపాలనుకునే అమ్మానాన్నలకి కూడా పనికొస్తుందని మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు, నాన్నకి రొయ్యల చెరువులు. నా ఎత్తు ఆరడుగుల పది అంగుళాలు, అందుకే సెంటర్‌ని, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగువాణ్ణి. ఎనిమిదో తరగతిలోనే మా పీఈటీ సార్‌ని దాటేశాను, ఊళ్ళో నన్ను పేరుతో కంటే తాటిచెట్టు అనే ఎక్కువ పిలిచేవారు. స్కూల్ ఆటల్లో, స్టేట్ మీట్లలో నా పని చాలా సులువు. బుట్ట కింద నిలబడి చేతులెత్తితే బంతి చేతిలో పడేది. నాకంటే ఎత్తైనవాడు ఎదురుపడటమే అరుదు. ఒక కోచింగ్ క్యాంపులో తీసిన వీడియోలు చూసి ఇక్కడ ఒహాయోలో ఒక చిన్న డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) యూనివర్సిటీ వాళ్ళు స్కాలర్‌షిప్ ఇచ్చారు.

కాగితాల గోల గురించి కొంచెం చెప్తాను. ఎన్‌సీఏఏ (ఇక్కడ కాలేజీ ఆటలు నడిపే సంస్థ) అర్హతకి 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ (నాలుగుకి లెక్కేసే సగటు గ్రేడు) కావాలి. శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) స్కోరు 2023 నుంచి అక్కర్లేదు. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. కానీ మార్కులు తొమ్మిదో తరగతి నుంచి చూపించాలి. మన దగ్గర పదో తరగతి మెమో ఉంటే చాలనుకుంటాం కదా, తొమ్మిదో తరగతి మార్కులు ఎవరు దాస్తారు? మా స్కూల్ క్లర్క్ గారు "తొమ్మిది మార్కులు ఎవడికి కావాలండీ, వాడేమన్నా ఐఏఎస్సా?" అని నాన్నని వెటకారం చేసి, బీరువా తాళం లేదని రోజుల తరబడి తిప్పాడు. చివరికి మా అమ్మ వెళ్ళి ఆఫీసు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అరగంటలో తాళం దొరికింది. మీ పిల్లాడు తొమ్మిదిలో ఉండగానే మార్కులు సంతకం, ముద్రతో తీసి పెట్టుకోండి. వీసా ఇంటర్వ్యూ నిమిషంలో అయిపోయింది, దానికి టెన్షన్ పడకండి. ఇంకోటి. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్ళు యాడ్స్ చేసి డబ్బు తీసుకోవచ్చు, కానీ ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ఉన్నవాళ్ళం ఇక్కడ పనిచేసి సంపాదించడానికి ఆంక్షలున్నాయి. "లక్షల్లో వస్తాయి, నాకు పది శాతం ఇవ్వు" అనే కన్సల్టెంట్ ఎవడైనా వస్తే టీ కూడా ఇవ్వకండి. నాకు ఒకడు తగిలాడు.

వచ్చేసరికి నా బరువు 93 కిలోలు. ఇక్కడి సెంటర్లకి ఇది బక్క బరువు. తినమన్నారు, తిన్నాను. గోదావరి జిల్లావాడికి తినడం ఎవరూ నేర్పక్కర్లేదు. చలికాలం వచ్చేసరికి 102 కిలోలయ్యాను. అందరూ మొదటి ఏడాది బిగ్ మ్యాన్ (పొడుగు ఆటగాడి) కష్టమంటే ఇదే అనుకుంటారు, బరువు పెరిగితే చాలనుకుంటారు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్ళు కాలేజీ మారే పద్ధతి) పుణ్యమా అని నాకు ఎదురుపడ్డవాళ్ళు చాలామంది 22, 23 ఏళ్ళవాళ్ళు, ఇప్పటికే రెండు మూడు కాలేజీలు చూసొచ్చినవాళ్ళు. వాళ్ళు నడుముతో ఒక్కటి నెడితే నేను బేస్‌లైన్ (బుట్ట వెనక గీత) దాటి కెమెరావాడి ఒళ్ళో పడేవాణ్ణి. బాగానే నొప్పి పుట్టింది. కానీ దెబ్బలు తట్టుకోవడం ఒక నెలలో అలవాటైపోతుంది. అసలు గండం అది కాదు.

దానికి ముందు రూల్స్ సంగతి, ఎందుకంటే ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మన దగ్గర ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌తో ఆడతాం. ఫిబాలో షాట్ రింగుకి తగిలాక, బంతి రింగు మీద ఊగుతున్నా సరే, కొట్టేయొచ్చు. పొడుగువాళ్ళకి అది వరం, నేను చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే అది. ఇక్కడ బంతి రింగు పైన ఉన్నంతసేపు ముట్టుకోకూడదు. మొదటి హోమ్ మ్యాచ్‌లో ఒక బంతి రింగు మీద నాట్యం చేస్తుంటే చెయ్యెత్తి హాయిగా తోసేశాను. స్టేడియం అంతా చప్పట్లు కొడుతుందనుకున్నాను. రిఫరీ విజిల్ వేసి అవతలివాళ్ళకి రెండు పాయింట్లు ఇచ్చాడు. మా బెంచీ మీద అందరూ మొహాలు పట్టుకున్నారు. పెయింట్ (బుట్ట ముందు గీసిన చోటు) వెడల్పు కూడా వేరు. ఫిబాది 4.9 మీటర్లు, ఇక్కడ 12 అడుగులే, అంటే మూడున్నర మీటర్ల పైచిలుకు. నాకు అలవాటైన చోట నిలబడితే బుట్టకి దూరమైపోయేవాణ్ణి. రిక్రూట్ చేసేటప్పుడు క్యాంపస్ లైబ్రరీ, డైనింగ్ హాల్, స్విమ్మింగ్ పూల్ అన్నీ చూపించారు కానీ ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఎవరికీ తీరలేదు.

ఇక అసలు సంగతి. సెంటర్ అంటే పొడుగు, బలం, ఎగరడం అనుకుంటాం. మొదటి ప్రాక్టీసు రోజునే తెలిసింది ఏంటంటే, ఇక్కడ డిఫెన్స్‌లో సెంటర్ పని ముందు అరవడం. కోర్టు మొత్తం కనిపించేది వెనక నిలబడ్డ మనకే. మన గార్డు (బుట్టకి దూరంగా ఆడేవాడు) బంతి ఉన్నవాడి మొహంలోకి చూస్తూ ఉంటాడు, వెనకనుంచి వంద కిలోలవాడు స్క్రీన్ పెట్టడానికి (దారికి అడ్డంగా నిలబడటానికి) వస్తున్నాడని వాడికి తెలియదు. "స్క్రీన్ లెఫ్ట్" అని మనమే చెప్పాలి. చెప్పడమే కాదు, ఎలా ఆడాలో కూడా ఆ అరసెకనులోనే చెప్పాలి. "డ్రాప్" అంటే నేను వెనక బుట్ట దగ్గర ఉంటాను, నువ్వు స్క్రీన్ దాటి వాడి వెంట రా. "హెడ్జ్" అంటే నేను ముందుకి దూకి బంతి ఉన్నవాణ్ణి ఆపి, మళ్ళీ నా మనిషి దగ్గరికి పరిగెడతాను. "ఐస్" అంటే వాణ్ణి స్క్రీన్ వాడుకోనివ్వకుండా సైడ్‌లైన్ వైపు నొక్కేయి. అవతలి టీమ్‌ని బట్టి, స్క్రీన్ పెట్టే చోటుని బట్టి ఇది మారుతుంది. ఆలస్యంగా చెప్తే చెప్పనట్టే. మెల్లగా చెప్పినా చెప్పనట్టే.

నా నోట్లోంచి మాట వచ్చేది కాదు. తెలియక కాదు. కాగితం మీద టెస్ట్ పెడితే మా ఫ్రెష్‌మన్‌లలో (మొదటి ఏడాదివాళ్ళలో) నాకే ఎక్కువ మార్కులొచ్చాయి, అది వేరే సంగతి. పద్దెనిమిదేళ్ళవాణ్ణి, నాకంటే మూడేళ్ళు పెద్దవాడైన పాయింట్ గార్డుని (బంతి తెచ్చి ఆట నడిపించేవాణ్ణి) పేరు పెట్టి అరిచి "లెఫ్ట్ పో, కదులు!" అనాలి. మా ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే గుమ్మంలో నిలబడి వినడమే అలవాటు. స్కూల్లో అయితే మాట్లాడనివాడే మంచివాడు. క్లాసు లీడర్‌కి చాక్‌పీసు ఇచ్చి బోర్డు మీద మాట్లాడినవాళ్ళ పేర్లు రాయించేవారు గుర్తుందా? ఆ బోర్డు మీద నా పేరు ఒక్కసారీ ఎక్కలేదని మా అమ్మ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. పిల్లల నోళ్ళు కుట్టేసి, పెద్దయ్యాక ఇంటర్వ్యూలో గలగలా మాట్లాడట్లేదని తిట్టడం మన దగ్గరే చూశాను.

నవంబర్‌లో ఒక రోజు అసిస్టెంట్ కోచ్ ఫిల్మ్ రూమ్‌లో మా మ్యాచ్ వీడియో పెట్టాడు. మామూలుగా శబ్దం ఉండదు. ఆ రోజు శబ్దం పెంచి, తెర మీద బొమ్మ ఆర్పేశాడు. చీకట్లో కూర్చుని టీమ్ అంతా వింటున్నాం. బూట్ల కిర్రు, మా గార్డుల కేకలు, అవతలి సెంటర్ గొంతు ఒక్కో పొసెషన్‌లో (బంతి ఒక టీమ్ చేతిలో ఉన్నంతసేపు) నాలుగైదు సార్లు. "మన సెంటర్ ఎక్కడ?" అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. "ఇంట్లో ఉన్నాడేమో, ఫోన్ చేద్దామా?" అన్నాడు. నవ్వారు. బొమ్మ పెట్టాడు. నేను కోర్టు మధ్యలోనే ఉన్నాను, నోరు మూసుకుని.

అక్కడితో వదల్లేదు. ప్రాక్టీసులో నన్ను కోర్టు మధ్యలో నిలబెట్టి, స్టూడెంట్ మేనేజర్‌ని గ్యాలరీలో అన్నిటికంటే పై వరుసకి పంపాడు. నేను కాల్ అరవాలి. పైన ఉన్న అమ్మాయికి స్పష్టంగా వినిపిస్తే చెయ్యెత్తుతుంది. వినిపించకపోతే నేను కాదు, మిగతా టీమ్ అంతా కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెత్తాలి. నేను మాత్రం నిలబడి చూడాలి. నా ఉచ్చారణకి ఆ అమ్మాయి సగం సార్లు అర్థం కానట్టు తల అడ్డంగా ఊపింది. వాళ్ళు పరిగెడుతూనే ఉన్నారు. ఒకడు చెత్తడబ్బాలో వాంతి చేసుకుని వచ్చి మళ్ళీ లైన్లో నిలబడ్డాడు. నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి డైనింగ్ హాల్లో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఆ కోచ్ పద్ధతి పనిచేసిందనే అంటారు అందరూ. నా మాట వేరు. గొంతు లేనివాణ్ణి నలుగురిలో నిలబెట్టి సిగ్గు తీస్తే ఉన్న గొంతు కూడా పోతుంది. తర్వాతి రెండు వారాలు నేను ఇంకా మెత్తబడ్డాను.

ఫౌల్స్ కూడా దీని వల్లే. నలభై నిమిషాల ఆట, ఐదు ఫౌల్స్‌కి బయటికి. మాట ఆలస్యమైతే అడుగు ఆలస్యం, అడుగు ఆలస్యమైతే చెయ్యి వాడి మీద పడుతుంది. మొదటి హాఫ్‌లో రెండు ఫౌల్స్ పడగానే కోచ్ పిలిచి కూర్చోబెట్టేస్తాడు, ఇంటర్వెల్ దాకా టవల్ కప్పుకుని చూడటమే. బాబాయ్, పది నిమిషాలు కూడా ఆడకపోవడం వెనక కథ ఇదీ. హాఫ్‌లో టీమ్ ఫౌల్స్ ఏడు అయితే అవతలివాళ్ళకి ఫ్రీ త్రోలు మొదలవుతాయి, అందులో నా వాటా ఎక్కువే ఉండేది.

నాకు పనికొచ్చింది మా పాయింట్ గార్డు. జనవరిలో ఒక మ్యాచ్‌లో నా కాల్ వినిపించక అతను స్క్రీన్‌కి గుద్దుకుని, ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. లేచాక నావైపు ఒక్క చూపు చూశాడు. మర్నాడు నా రూమ్‌కి వచ్చి "నా కారులో కూర్చో" అన్నాడు. ఊళ్ళో తిప్పుతూ, రోడ్డు మీద కనిపించిందల్లా అరిచి చెప్పమన్నాడు. ఎడమ పక్క ట్రక్కు, కుడి పక్క సైకిల్, ముందు సిగ్నల్. చూడగానే చెప్పాలి, ఆలోచించకూడదు. అద్దాలు దించేసి, ఒహాయో చలిలో. నేను ఆలస్యం చేస్తే రేడియో సౌండ్ పెంచేవాడు, దాని మీదుగా అరవాలి. ఒకసారి ఆ గొడవ మధ్యలో అమ్మ ఫోన్ చేసింది. "ఎవరితో దెబ్బలాడుతున్నావురా?" అని కంగారుపడింది. అలా చాలా సాయంత్రాలు తిరిగాం. అతనికి నేను ఇచ్చిందల్లా మా అమ్మ పంపిన ఆవకాయ. అది శాండ్‌విచ్‌లో పెట్టుకు తింటాడు.

ఫిబ్రవరికి మాట వచ్చింది. కాలు కూడా దాంతో పాటే కదిలింది. చేతులు నిటారుగా పైకెత్తి, మన స్థలంలో మనం నిలువుగా ఎగిరితే వాడొచ్చి గుద్దుకున్నా ఫౌల్ కాదు. ఇది అక్టోబర్‌లోనే చెప్పారు, ఫిబ్రవరిలో ఒంటబట్టింది. ఆఖరి హోమ్ మ్యాచ్‌లో, నవంబర్‌లో నన్ను బేస్‌లైన్ బయటికి తోసిన ఇరవై మూడేళ్ళవాడే మళ్ళీ వచ్చాడు. సెకండ్ హాఫ్‌లో వాడికి నా మీద ఒక్క బుట్ట కూడా పడలేదు. స్కోర్‌షీట్ ఫొటో మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను, అడిగినవాళ్ళకి మళ్ళీ పంపుతాను.

బాబాయి కోసం ఇంకొంచెం, మొదటి ఏడాది పెద్ద పేర్లకీ కష్టమే. జాక్ ఈడీ అనే సెంటర్ ఏడడుగుల నాలుగంగుళాలవాడు. పర్డ్యూ యూనివర్సిటీలో మొదటి ఏడాది సగటు 8.7 పాయింట్లే, తర్వాత 2023, 2024లో వరసగా దేశంలో అత్యుత్తమ కాలేజీ ఆటగాడయ్యాడు. హకీమ్ ఒలాజువాన్ 1980లో నైజీరియా నుంచి హ్యూస్టన్ వచ్చి మొదటి ఏడాది ఆడనే లేదు, తర్వాతి సీజన్‌లో సగటు 8.3. 1984 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోట) మొదటి పేరు అతనిదే. 1972 దాకా అయితే ఫ్రెష్‌మన్‌లని మెయిన్ టీమ్‌లోకే రానిచ్చేవారు కాదు, కరీం అబ్దుల్ జబ్బార్ కూడా యూసీఎల్‌ఏలో ఒక ఏడాది ఫ్రెష్‌మన్ టీమ్‌లో ఆడాల్సిందే. ఆంథోనీ డేవిస్ మొదటి ఏడాదే 2012లో కెంటకీ యూనివర్సిటీకి కప్పు తెచ్చాడు కదా అంటావు. నిజమే. వాడు హైస్కూల్లో గార్డుగా ఆడుతూ ఉన్నట్టుండి పొడుగైపోయాడు, గార్డు కళ్ళతో కోర్టు చూడటం వాడికి ముందే వచ్చు. పంజాబ్ సత్నామ్ సింగ్ 2015లో డ్రాఫ్ట్ అయ్యాడు, మన దేశం నుంచి మొదటివాడు. అతను కాలేజీలో ఆడకుండానే వెళ్ళాడు, కాబట్టి నా దారికి అతన్ని ఉదాహరణగా తేవద్దు.

పొడుగు పిల్లల్ని పెంచుతున్నవాళ్ళు ప్రోటీన్ డబ్బాల మీద డబ్బు తర్వాత తగలేయండి. ముందు వాణ్ణి చిన్నప్పుడే కొన్నాళ్ళు గార్డుగా ఆడనివ్వండి, ప్రాక్టీసులో అరిచి మాట్లాడనివ్వండి. పీఈటీ సార్ బుట్ట కిందే నిలబెడతానంటే గొడవ పెట్టుకోండి.

మొన్న కోచ్ ఫోన్ చేశాడు. పోర్టల్ నుంచి ఒక సెంటర్‌ని తెస్తున్నారట, వయసు 23, ఇది అతనికి మూడో కాలేజీ. బాబాయి అయితే "నువ్వూ పోర్టల్‌లోకి దూకెయ్" అంటున్నాడు. దూకను. పాయింట్ గార్డు ఇంకో ఏడాది ఇక్కడే ఉంటాడు. జూన్‌లో సమ్మర్ ప్రాక్టీసు మొదలు, ఆలోపు మేలో కొన్నాళ్ళు ఊరొస్తున్నాను. ఐ-20 (వీసాకి కాలేజీ ఇచ్చే కాగితం) మీద ట్రావెల్ సంతకం ఇప్పటికే పెట్టించుకున్నాను. మీరు కూడా టికెట్ కొనేముందు ఆ సంతకానికి ఏడాది దాటిందేమో చూసుకోండి.